నేను కొట్టేసిన పేరు

నా పేరు ముందు డాక్టర్ అన్న మాట లేదు. అయ్యో అనేవాళ్లు కొందరు, ఆవిడకి పొగరు అనేవాళ్లు కొందరు. అయ్యో అనేవాళ్లకి విషయం తెలియదు. పొగరు అనేవాళ్లకి సగం తెలుసు.

ఈమధ్య ఇద్దరమ్మాయిలు భిలాయి నెహ్రూ నగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ తెలుగు పిల్లలే, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. వయోజన విద్య మీద పరిశోధనకి పేరు నమోదు చేయించుకున్నారట. రెండు ముక్కలు తెలుగులో మాట్లాడి, మొహమాటపడి, హిందీలోకి దిగిపోయారు. టీ తాగి, కాసేపు నసిగి, ఒకమ్మాయి అడిగేసింది. "ఆంటీజీ, ఆరేళ్లు పనిచేసి చివర్లో ఎందుకు వదిలేశారు?"

"వదల్లేదమ్మా, వెనక్కి తెచ్చుకున్నాను" అన్నాను. అర్థం కాలేదు వాళ్లకి. అర్థం అయ్యేలా చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో నాకు ఎప్పుడు ఏ మెట్టు దొరికిందో ఇందులో ఉండదు. ఆ మెట్లన్నీ కలిపినా చెప్పుకోదగ్గ కథ కాదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు చెయ్యకూడని పొరపాటు ఒకటి నేను చేశాను. దాన్ని కాగితం మీద పెడితే ఒక పెద్దమనిషికి మింగుడుపడలేదు. ఆ రెండూ చెబుతాను.

బలపాలు విరిగిన తరగతి

అరవైల మొదట్లో పెళ్లి చేసుకుని విజయనగరం నుంచి భిలాయి వచ్చాను. మా ఆయన అక్కడి ఉక్కు కర్మాగారంలో, రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. నాకు అప్పటికే ఎం.ఇడి. ఉంది. స్కూళ్లలో ఖాళీలు లేవు. కార్మికులు కాపురముండే క్యాంపులో రేకుల షెడ్డు ఒకటి ఉండేది, అందులో కార్మికులకి సాయంత్రం పూట చదువు చెప్పే కేంద్రం పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువమంది ఉన్నారని తెలుగు తరగతి కూడా ఒకటి కావాలన్నారు. చేరిపోయాను. "అంత చదువు చదివి కూలీనాలీకి అ ఆలు దిద్దబెడతావా?" అని మా వదిన ఉత్తరం రాసింది. దానికి నేను జవాబు రాయలేదు.

మొదటి వారం నాకు మిగిలినవి విరిగిన బలపాలే. పట్టుకారు పట్టే చేతుల్లో బలపం నిలవదు. ఒత్తితే పుటుక్కుమంటుంది. విరిగినప్పుడల్లా ఆ పెద్దమనుషులు పెన్సిలు పోగొట్టుకున్న పిల్లల్లా బిక్కమొహం వేసేవారు. మా ఆయనకి చెబితే, మిల్లులో కడ్డీల మీద గుర్తులు పెట్టే లావుపాటి సుద్దముక్కలు ఉంటాయని, వాటితో నేల మీద రాయించి చూడమని అన్నారు. అలాంటివే బజారులో వెతికి తెచ్చాను. సిమెంటు నేల మీద ఒక్కొక్కరూ మూరెడేసి అక్షరాలు రాశారు. ఎం.ఇడి.లో నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అప్పలనాయుడు గారు అక్కడే పరిచయం. కోక్ ఓవెన్లలో, అంటే బొగ్గు బట్టీల దగ్గర పని. నలభై దాటిన మనిషి, పాలకొండ వైపు. మాకిచ్చిన వాచకంలో మొదటి పాఠం నాగలి, పొలం, ఎద్దు. నేను బొమ్మ చూపించి "ఇదేమిటి?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"టీసరమ్మా, నాగలి ఒగ్గీసే కదేటి ఇక్కడికొచ్చినాం. దాని పేరు మాకు సదువుకోకపోయినా తెల్సు. మా బట్టీ కాడ బోర్డు మీద ఎర్ర రంగుతో ఏటో రాసుంటాది. నాలుగేళ్ల నుంచి దాని కిందే నిలబడతన్నాను. అదేటో సెప్పండి."

మర్నాడు ఆయన ఆ బోర్డు మీది గీతల్ని చిన్న కాగితం మీద బొమ్మ వేసినట్టు వేసుకొచ్చాడు. హిందీలో 'నిలబడరాదు' అని ఉంది. చదివి వినిపించాను. తరగతి మొత్తం పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. ఆ రోజు నుంచి వాచకం పక్కన పెట్టేశాను. వాళ్ల పేర్లు, వాళ్ల బోర్డులు, వాళ్ల ఉత్తరాలు, వీటితోనే పాఠం. హిందీ బోర్డుల్ని చూసి గుర్తుపట్టడం నేర్పాను, అక్షరాలు మాత్రం తెలుగులో దిద్దించాను. మూడు నెలలకి అప్పలనాయుడు గారు తన పేరు తప్పు లేకుండా రాశాడు. నాలుగో నెలలో పక్కవాళ్ల పేర్లు కూడా చదవడం మొదలుపెట్టాడు.

పది రోజుల నిబంధన

మా కేంద్రానికి ఒక నిబంధన ఉండేది. వరుసగా పది తరగతులకి రానివాళ్ల పేరు హాజరు పట్టీలోంచి కొట్టెయ్యాలి. నెల మొదటి రోజున మిగిలినవాళ్ల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి తలుపు మీద అతికించాలి. పేర్లు కొట్టేసిన వాళ్ల గురించి పై కార్యాలయానికి కారణం రాయాలి. కారణం రాసే గడిలో ముందే అచ్చు వేసి ఉండేది, 'ఆసక్తి లేదు' అని. మేం కింద సంతకం పెడితే చాలు.

నేను పెట్టాను. ఒకసారి కాదు, ఏడాది పొడుగునా పెట్టాను. ఎర్ర సిరా కలంతో, స్కేలు పెట్టి, గీత వంకర పోకుండా పేర్లు కొట్టేసేదాన్ని. పట్టీ శుభ్రంగా ఉంచుతానని నాకు మంచి పేరు కూడా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక నెల మొదటి రోజు. నేను లోపల నల్లబల్ల తుడుస్తున్నాను. అప్పలనాయుడు గారు వచ్చాడు. రెండు వారాలుగా కనిపించలేదు. తలుపు దగ్గర ఆగి, జాబితా మీద వేలు పెట్టి, పైనుంచి కిందకి ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోయాడు. పెదవులు కదులుతున్నాయి. చివరిదాకా వెళ్లి మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. తర్వాత తలకి చుట్టుకున్న తుండుగుడ్డ తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. టీ తాగి వస్తాడు కాబోలనుకున్నాను. నా కళ్లముందు చదివాడన్న సంతోషంలో ఉన్నాను నేను.

ఎంతసేపటికీ రాలేదు. తోటి కార్మికుడు పైడయ్య చెప్పాడు. "ఆడింక రాడమ్మా. ఆడి పేరు లేదని ఆడే సదువుకున్నాడు."

ఆ మాట విన్నాక పాఠం ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. ఆ మనిషి జీవితంలో మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా ఒక కాగితం మొత్తం చదివాడు. అందులో తను లేడని తెలుసుకున్నాడు. అక్షరాలు నేర్పిందీ నేనే, పేరు కొట్టేసిందీ నేనే.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "ఎన్నాళ్లు రాలేదు?" అన్నారు.

"రెండు వారాలు."

"మూడో వారం వచ్చినాడు కదా?"

"వచ్చాడు."

ఆయన ఎడమచేత్తో వంటింటి గోడ చూపించారు. అక్కడ షిఫ్టు చార్టు వేలాడుతోంది. "అది ఎవరికోసం తగిలించినావు? ఎ షిఫ్టు ఒక వారం, బి షిఫ్టు ఒక వారం, సి షిఫ్టు ఒక వారం. ఎ వారంలో రెండింటికి దిగుతాడు, నీ దగ్గరికి వస్తాడు. బి వారంలో నీ తరగతి వేళకి బట్టీ ముందుంటాడు. సి వారంలో ఆ వేళకి పడుకోకపోతే రాత్రి డ్యూటీలో బట్టీ మీద పడతాడు. ఈ లెక్కన నన్నూ కొట్టీవలసిందే కదేటి? ఇంట్లో అన్నం మాత్రం చార్టు చూసి వండుతున్నావు."

చెప్పుకోవడానికి సిగ్గుచేటు. ఆ చార్టు చూడకుండా నేను పొయ్యి వెలిగించేదాన్ని కాదు. మా ఆయన అన్నం డబ్బా, మా నిద్ర, చుట్టాల రాకపోకలు, అన్నీ దాని ప్రకారమే నడిచేవి. షెడ్డు గడప దాటగానే నేను టీచరునైపోయి అది మరిచిపోయేదాన్ని. కొత్త ఊరివాళ్లు ఈ తప్పు చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. షిఫ్టు మనిషి పెళ్లాన్ని, నేను చేశాను.

క్యాంపులో

మర్నాడు క్యాంపుకి వెళ్లాను. అప్పలనాయుడు గారు ఇంటిముందు సైకిలు చక్రం విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, భార్యని పిలిచి పీట వేయించాడు. మర్యాదలో లోటు లేదు. మొహంలో మాత్రం తలుపు వేసేసి ఉంది.

"తప్పు నాది నాయుడు గారూ. పేరు మళ్లీ ఎక్కిస్తాను, రండి" అన్నాను.

"తప్పేటుందమ్మా. రాలేదు, కొట్టీసినారు."

"మిమ్మల్ని పగటి డ్యూటీ నుంచి షిఫ్టులోకి మార్చారని నేను చూసుకోలేదు."

ఆయన చక్రం ఒకసారి తిప్పి వదిలాడు. "ఇంతకుముందు కూడా నా పేరు శానా కాయితాల్లో ఉండుంటాది, లేకపోయుంటాది. నాకేటి తెల్సు? సదువు రానప్పుడు ఏ కాయితమూ నన్ను ఏటీ అనీది కాదు. సదువొచ్చేక మొదటి కాయితమే నువ్వు లేవురా అనీసింది. ఒగ్గీయండమ్మా. నా మానాన నన్నుండనీండి."

  లేచి వచ్చేశాను. ఆయన వీధి మొగదాకా వచ్చి దిగబెట్టాడు.

ఒకే పాఠం మూడు వారాలు

ఆ నెల నుంచి పద్ధతి మార్చేశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే ఇవాళ్టికీ జవాబు వచ్చేది కాదు. పట్టీలో ప్రతి పేరు పక్కన షిఫ్టు రాసుకున్నాను. ఒకే పాఠం మూడు వారాలు చెప్పాను. ఒక వారం ఎవరు ఎ షిఫ్టులో ఉంటే వాళ్లకి. రెండో వారం, మూడో వారం మిగతావాళ్లకి. నాకు విసుగొచ్చేది. చెప్పిందే చెప్పడం టీచరుకి శిక్ష, నిజమే. అయితే తప్పిపోయినవాళ్లనుకున్నవాళ్లు చక్రం తిరిగినట్టు తిరిగి మూడో వారానికి వచ్చేవారు. వాళ్లు ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. చూడవలసినవాళ్లం చూడలేదు.

కేంద్రం చూసుకునే పెద్దాయన ఒకరోజు వచ్చి పట్టీ తిరగేసి, "ఇదేం పద్ధతి? కొట్టివేతలు ఎక్కడ?" అన్నారు. "లేవండి" అన్నాను. "లేకపోవడమేమిటి, ప్రతి కేంద్రంలోనూ ఉంటాయి కదా?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గడి ఖాళీగా ఉంటే నిద్రపట్టని మనిషి. అలాంటివాళ్లు మీకు చాలామంది తగులుతారు. వాళ్లతో పోట్లాడకండి, గడి నింపి ఇవ్వండి, పని మాత్రం మీ పద్ధతిలో చెయ్యండి. నేను అచ్చులో ఉన్నది కొట్టేసి, రానివాళ్ల పేర్ల పక్కన 'కారణం: షిఫ్టు' అని నింపి ఇచ్చేదాన్ని.

అప్పలనాయుడు గారు ఏడాది దాకా రాలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఎందుకు వచ్చారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. పాఠం అయ్యాక పైడయ్య నా చెవిలో వేశాడు. తలుపు మీది జాబితాలో తన పేరు పన్నెండు నెలలుగా ప్రతి నెలా ఉందని ఆయన రోడ్డు మీద నుంచి చూస్తూనే ఉన్నాడట. ఆయన రానన్నా ఆ నెలే మళ్లీ ఎక్కించాను, తర్వాత తీసెయ్యలేదు మరి.

గైడు గారు

ఈ సంగతంతా పరిశోధనగా రాస్తే పై కార్యాలయాల వాళ్లు నమ్ముతారని నాకు ఆశ పుట్టింది. దుర్గ్‌లో రైలెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకున్నాను. వయోజనుల చదువు మీద పెద్ద పేరున్న ఆచార్యులు ఒకరు గైడుగా ఒప్పుకున్నారు. ఆయన పేరు రాయను. చదువు మీద ఆయనకి ప్రేమ ఉంది. చదువుకునేవాళ్ల మీద నమ్మకం లేదు.

మొదటి రోజే విషయం ఆయనే ఖాయం చేశారు. వలస కార్మికులు చదువు మధ్యలో మానెయ్యడానికి కారణాలు. "కారణాలు నాకు తెలుసు, నీకు తెలుసు. మనం రుజువు చెయ్యాలి అంతే, బేటీ" అన్నారు. తెలిసినదాన్ని రుజువు చెయ్యడానికి ఆరేళ్లు ఎందుకని అప్పుడే అడగాల్సింది. నాకు తోచలేదు.

ఆయన ఇచ్చిన ప్రశ్నావళి పట్టుకుని క్యాంపులోనూ పక్కనే ఉన్న చరోదాలోనూ ఇల్లిల్లూ తిరిగాను. చరోదాలో రైల్వే కుటుంబాల ఆడవాళ్ల కోసం మధ్యాహ్నం తరగతి నడిచేది. అక్కడ మరియమ్మ గారని ఒకావిడ, భర్త రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అత్తవారి కాలం నుంచీ రైల్వే ఇల్లే. తరగతికి రాకపోవడానికి కారణం అన్న ప్రశ్న చదివి వినిపించాను. ఆసక్తి లేదు, అనారోగ్యం, ఇంటి గొడవలు, భర్త తాగుడు. ఇందులో ఒకటి ఎంచుకోవాలి.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ, "ఇందులో నాది లేదమ్మా" అంది.

"మరి మీదేమిటి?"

"మా ఆయనకి డ్యూటీ పడితే నాకూ డ్యూటీ పడినట్టే కదేటి టీచరమ్మా. ఆయన ఏ ఏళకి దిగితే ఆ ఏళకి ఏణ్ణీళ్లు, అన్నం. ఆయన పగలు పడుకుంటే పిల్లల్ని నోరు మూసి కూకోబెట్టాలి. మీ కాయితం రాసినోళ్లింట్లో డ్యూటీకెళ్లీవోళ్లు ఎవరూ లేరేటి?"

ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం అంచున రాసుకున్నాను. అలా అంచుల్లో రాసుకున్న జవాబులతో నా కాగితాలు నిండిపోయాయి. గైడు గారికి చూపిస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంచుల్లో ఉన్నది లెక్కలోకి రాదు" అన్నారు.

"అందరూ అంచుల్లోనే ఉన్నారండి" అన్నాను.

అప్పటికి ఆయన నవ్వి వదిలేశారు. నేను నెగ్గాననుకున్నాను. ఇది రెండో పొరపాటు. పై అధికారి నవ్వి ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడని కాదు, తర్వాత చూసుకుందామనుకున్నాడని.

నాలుగో అధ్యాయం

ఉద్యోగం చేసుకుంటూ, పిల్లని పెంచుకుంటూ ఆరేళ్లు రాశాను. నాలుగో అధ్యాయం మొత్తం పది రోజుల నిబంధన మీదే. పేరు కొట్టేసిన ప్రతి మనిషి పక్కనా అతని షిఫ్టు పెట్టి చూపించాను. వాళ్లు మానలేదు, మేం మాన్పించాం అని ముగించాను. అందులో నా తప్పు దాచలేదు. అప్పలనాయుడు గారి పేరు నేనే కొట్టేశానని రాశాను.

రాసేముందు ఆయన్ని అడిగాను. పరిశోధనలో మనిషి అసలు పేరు రాయకూడదంటారు, అది మంచి నియమమే, మీరూ పాటించండి. అయితే ఆ మనిషిని అడగడం కూడా నియమమే. "మీ పేరు పెట్టమంటారా, నంబరు పెట్టమంటారా?" అన్నాను.

"ప్లాంటులో నాకు టోకెను నంబరు ఉంది కదమ్మా. మల్లా ఇంకో నంబరెందుకు? పేరెట్టండి."

థీసిస్ ఇంగ్లీషులో టైపు చేయించాను. ఆయన మాటలు మాత్రం తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను. టైపుమిషన్‌కి తెలుగు లేదు. ఐదు ప్రతుల్లోనూ ఆ పేజీ నా చేత్తో రాశాను. 'సదువొచ్చేక మొదటి కాయితమే నువ్వు లేవురా అనీసింది.' ఆ వాక్యం కింద జాగా వదిలి ఆయన ముందు పెట్టాను. ఆయన చేతులు కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుని, ఐదు ప్రతుల్లోనూ ఐదుసార్లు తన పేరు రాశాడు. ఒక్కొక్కటి రాశాక సిరా ఆరేదాకా ఊదాడు.

ఆ కట్ట పట్టుకుని గైడు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన సంతకం పెడితే పరీక్షకులకి వెళుతుంది. ఆరేళ్ల చాకిరీ ఆ ఒక్క సంతకం కోసమే. ఆయన మూడు అధ్యాయాలు తిరగేసి బాగుందన్నారు. నాలుగోదాని దగ్గర ఆగిపోయారు. "ఇది మా సంఘం పెట్టిన నిబంధన" అన్నారు. అప్పుడు నాకు తెలిసింది, ఆ పది రోజుల నిబంధన పెట్టిన సంఘంలో ఆయన కూడా ఉన్నారని. ఆరేళ్లలో ఆ మాట ఆయన చెప్పలేదు. నేనూ కనుక్కోలేదు.

"ఈ అధ్యాయం తీసెయ్" అన్నారు. హిందీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను. "మిగతాది చాలు. డిగ్రీ వస్తుంది."

"అది తీస్తే మిగతాది అబద్ధం అవుతుందండి."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఎంతో ఓపిగ్గా, "సరే, అధ్యాయం ఉంచు. ముగింపు మార్చు. నిబంధన వల్ల అనకు, కార్మికుల్లో ఆసక్తి లోపించడం వల్ల అను. ఇదిగో, ఈ పేరూ సంతకమూ శాస్త్రీయంగా లేవు. కేసు నంబరు ఏడు అని రాస్తే చాలు. ఈ సాయంత్రమే సంతకం పెట్టి పంపిస్తాను" అన్నారు.

అంటూ ఎర్ర పెన్సిలు తీసుకున్నారు. పై ప్రతిలో ఆ తెలుగు పేజీ తీశారు. తెలుగు ఆయనకి రాదు, కాని పేరు ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది, అంత పెద్ద అక్షరాలు. పెన్సిలు దాని మీదకి వచ్చింది.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆచార్యుల బల్ల మీద, ఆయన పెన్సిలుకి, ముప్ఫై నాలుగేళ్ల ఆడమనిషిని. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. గదిలో ఉన్న ఇద్దరు విద్యార్థులు తలలు దించేసుకున్నారు.

"ఒకసారి కొట్టేశానండి. రెండోసారి నా వల్ల కాదు, మీచేత కొట్టించడమూ నా వల్ల కాదు" అన్నాను.  

"ఒక కూలీ పేరు కోసం డాక్టరేటు పోగొట్టుకుంటావా?"

"ఆ పేరు ఆయన రాయగలగడమే నా పరిశోధన. అది పోయాక డాక్టరేటు దేనికి?"

ఐదు ప్రతులూ కట్టి చంకన పెట్టుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక ఆయన వెనకనుంచి, "మళ్లీ రావాల్సి ఉంటుంది" అన్నారు. నేను వెళ్లలేదు. గడువు తీరింది, నమోదు రద్దయింది. వేరే గైడు కోసం రెండు చోట్ల ప్రయత్నించాను. ఆయన్ని కాదని వచ్చినదాన్ని తీసుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. బాధ లేదంటే అబద్ధం. రైల్లో దుర్గ్ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. చేసిన పని మీద మాత్రం ఆ రోజూ అనుమానం లేదు, ఇవాళా లేదు.

నా తర్వాత డాక్టర్లయినవాళ్లు చాలామంది నా కింద పనిచేశారు, కొందరు నా మీదా పనిచేశారు. వాళ్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. డిగ్రీ తెచ్చుకోండి. నాలాగా ఊరికే పోగొట్టుకోమని చెప్పడం లేదు. గైడుని ఎంచుకునేముందు ఆయన ఏ సంఘాల్లో ఉన్నాడో కనుక్కోండి. ప్రశ్నావళి తయారుచేసేముందు జవాబు చెప్పేవాళ్ల వంటింటి గోడ చూడండి. మానేసినవాళ్లు అన్న మాట రాసే ప్రతిసారీ, వాళ్లు మానేశారా, మీరు కొట్టేశారా అని మిమ్మల్ని మీరు అడగండి. ఇన్ని చేశాక కూడా ఎవరైనా పెన్సిలు తీస్తే, చెయ్యి అడ్డం పెట్టండి. దానికి శిక్షణ అక్కర్లేదు.

మర్నాడు

గైడు గారి దగ్గర్నుంచి వచ్చిన ఆ సాయంత్రం కట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. మా ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "అయితే డాక్టరువి కావన్నమాట" అన్నారు.

"కాను."

"నాయుడి పేరు ఉందా?"

"ఉంది. ఐదింటిలోనూ."

"అయితే పర్లేదు. నాకు రేపట్నుంచి బి షిఫ్టు. డబ్బా కట్టడం మర్చిపోకు" అన్నారు. నేను ఏడుస్తూనే నవ్వేశాను.

మర్నాడు నెల మొదటి రోజు. కొత్త జాబితా రాయాలి. కళ్లు వాచిపోయి ఉన్నాయి. అప్పలనాయుడు గారిది ఎ షిఫ్టు, అందరికంటే ముందు వచ్చాడు. ఏం జరిగిందని ఆయన అడిగాడు, చెప్పాను.  "నా పేరు గురించేటి?" అన్నాడు. "నా తప్పు గురించి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, ఒప్పుకోలేదు. నేను పట్టీ, లావుపాటి కలం ఆయన ముందుకి జరిపాను.

"ఈ నెల జాబితా మీరు రాయండి."

నేల మీద పెద్ద కాగితం పరుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. పట్టీ చూసి ఒక్కొక్క పేరూ రాశాడు. ఆ వారం బి షిఫ్టులో ఉన్నవాళ్లవి, సి షిఫ్టులో ఉన్నవాళ్లవి, జ్వరంతో పడుకున్న పైడయ్యది, ఊరెళ్లినవాళ్లవి. అయ్యాక మొదటి పేరు మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, పట్టీతో పోల్చుకుంటూ కిందిదాకా వెళ్లాడు. మళ్లీ పైనుంచి ఇంకోసారి వెళ్లాడు. అప్పుడు కాగితం ఎత్తి నా చేతికిచ్చాడు.

"అందరూ ఉన్నారమ్మా. అతికించీయండి."